ఊపిరి మాది, పేరెవరిది?

మా ఇళ్ళల్లో పిల్లాడు పుడితే పెద్దవాళ్ళు ముందు చూసేది వాడి పెదాలు. పీక పట్టుకోడానికి పనికొస్తాయా లేదా అని. పేరు ఆ తరవాతెప్పుడో పెడతారు. మాకు ఊపిరి ముందు, పేరు వెనక. మా గుమ్మం దాటి బయటికొస్తే మాత్రం ఈ వరుస తలకిందులవుతుంది. ముందు పేరడుగుతారు. పేరు చెప్పాక మా ఊపిరి ఎట్లా వినాలో నిర్ణయించుకుంటారు. ఒక్కోచోట ఊపిరి పట్టుకెళ్ళి పేరు ఇక్కడే వదిలేస్తారు. ఇంకోచోట పేరు పట్టుకెళ్ళి ఊపిరి వదిలేస్తారు. రెండూ కలిపి మాకిచ్చిన చోటు చాలా తక్కువ. ఆ లెక్క తేల్చుకుందామనే ఈ నాలుగు మాటలు.

మాది మాచవరం. మాచవరమనగానే చాలామంది విజయవాడలో మాచవరం అనుకుంటారు. అది కాదు. పిడుగురాళ్ళ దగ్గర, కృష్ణకి ఇవతల ఉన్న పల్నాటి మాచవరం. 2022 ఏప్రిల్లో పల్నాడు జిల్లా వచ్చిందాకా గుంటూరు జిల్లా వాళ్ళం. మిరపచేల ఘాటు, పిడుగురాళ్ళ సున్నపుబట్టీల పొగ, వీటి మధ్య సన్నాయి ఊదుకుంటూ బతికిన దూదేకుల ఇళ్ళు మావి. కాయితాల్లో నూర్‌బాషా. ఊళ్ళో దూదేకుల సాయిబులు. ఇంకో మెట్టు కిందకి తొయ్యాలనుకున్నవాడు పింజారోడంటాడు. దూది ఏకే విల్లు మా తాత చిన్నప్పుడే అటకెక్కింది. సన్నాయే కూడు పెట్టింది.

ఇంట్లో తెలుగే. అమ్మని అమ్మా అని, నాన్నని నాయనా అని పిలుస్తాం. ఉర్దూ రాదు. పేర్లు చూస్తే సైదులు, మస్తాను, నాగుల్‌మీరా, దస్తగిరి, కాశిం. ఇవి మా ఒక్కళ్ళ పేర్లు కూడా కావు. పక్కవీధిలో హిందువుల ఇళ్ళల్లో సైదమ్మలు, సైదులు, మస్తాన్‌రావులు ఉన్నారు. కృష్ణ దాటితే జాన్‌పహాడ్ దర్గా. అక్కడ సైదులుకి మొక్కుకుంటే పుట్టిన బిడ్డకి ఆ పేరు పెడతారు. బిడ్డ ఏ కులమైనా సరే. పల్నాడులో సైదులు అని పిలిస్తే గుడి దగ్గర ఒకడు తిరిగి చూస్తాడు, మసీదు దగ్గర ఒకడు తిరిగి చూస్తాడు. మా ఇబ్బంది సైదులుతో రాలేదు. ముందున్న షేక్‌తో వచ్చింది.

ఆ షేక్‌ని నేను మొట్టమొదట గౌరవంగా విన్నది రేడియోలో.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మా ఊరి టీకొట్లో రేడియో పొద్దున్నే మోగేది. ముందు ఆకాశవాణి రాగం, తరవాత వందేమాతరం, ఆ వెనకే మంగళవాద్యం. ఊరంతా కళ్ళు నులుముకుంటూ మొదట వినేది సన్నాయే. అది ఆగాక అనౌన్సరు గొంతు సవరించుకుని, తొణక్కుండా, ఒక్క అక్షరం మింగకుండా చెప్పేవాడు: నాదస్వరం షేక్ ఫలానా, డోలు ఫలానా అని. అట్లా చెప్పినప్పుడు మధ్యలో ఒక్క క్షణం కూడా ఆగేవాడు కాదు. త్యాగరాజ కీర్తనకీ షేకుకీ మధ్య ఏదో వంతెన కట్టాలన్న కంగారు ఆ గొంతులో లేదు. వాయించింది ఆయన, పేరు ఇది. అంతే. నా మటుక్కి నేను చూసిన లౌకికరాజ్యం ఆ అర నిమిషమే.

మా నాయన కూడా ఆ కేంద్రానికి వెళ్ళి వాయించాడు. ఆడిషన్ సంగతి ఆయన చెప్తుంటే పిల్లలం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. 1950ల మొదట్లో ఆకాశవాణి శాస్త్రీయ సంగీతానికి ఆడిషన్లు, గ్రేడ్లు కట్టుదిట్టం చేసింది. బి, దాని పైన బి-హై, ఆ పైన ఎ, అన్నిటికీ పైన టాప్. వినే పెద్దలకి మనిషి కనపడడు. పేరు వినపడదు. నంబరు ఒక్కటే తెలుస్తుంది. రాగం ఎత్తమంటారు, స్వరం వెయ్యమంటారు, చాలంటారు. ఎవరి మనిషి, ఏ కులం, బొట్టుందా టోపీ ఉందా అన్నది ఆ గదిలోకి రాదు. మా నాయన నంబరుగా లోపలికి వెళ్ళాడు. బి గ్రేడుతో, షేకుగా బయటికొచ్చాడు. ముందు ఊపిరి తూచారు, తరవాత పేరు చెప్పారు. మా ఇంటి వరుసే ఆ ఇంటి వరుస. అందుకే నాయనకి ఆ కేంద్రమంటే అంత ప్రాణం. రికార్డింగుకి వెళ్ళే రోజు ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. రేడియోలో చొక్కా ఎవరు చూస్తారు నాయనా అంటే, "మైకు చూస్తదిరా" అనేవాడు.

ఇదంతా మా ఒక్క ఇంటి గొప్ప కాదు. నరసరావుపేటకి దగ్గర్లో సాతులూరుంది. గుంటూరు నుంచి రైల్లో వస్తుంటే తగుల్తుంది. ఆ ఊరు నాదస్వర సాయిబుల ఊరు. చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ పెద్ద గురువు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా ఆయన దగ్గర నేర్చుకున్నారు. అక్కడితో ఆగకుండా తంజావూరు సీమకి పోయి, నాచియార్‌కోయిల్ విద్వాంసులు రాజం, దురైకన్ను సోదరుల దగ్గర ఆ బాణీ పట్టారు. తరవాత శ్రీరంగం చేరి అక్కడే స్థిరపడ్డారు. రంగనాథుడి ఊళ్ళో ఒక సాయిబు సన్నాయి గురువై కూర్చున్నాడు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడెమీ సంగీత కళానిధి. 1999లో శ్రీరంగంలోనే కన్నుమూశారు. ఆయన శిష్యుల్లో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు పక్కపక్కన కూర్చుని వాయించే జంట. ఇద్దరికీ కలిపి 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

ఈ పేర్లు చెప్పగానే మా లౌకిక మిత్రుల కళ్ళు చెమ్మగిల్లుతాయి. "చూశారా, ఇదీ మన దేశం" అంటారు. ఆ మాట దగ్గరే నాకు పేచీ. దాని సంగతి తరవాత చెప్తాను. ముందు కేసెట్టు సంగతి.

కేసెట్లొచ్చాక ప్రతి ఊళ్ళో పెళ్ళిపందిట్లో సౌండుబాక్సు వెలిసింది. అరవై నిమిషాల కేసెట్టు, అటు అరగంట, ఇటు అరగంట. ఒక కంపెనీ వాళ్ళు పెళ్ళి మంగళవాద్యం కేసెట్టు వేద్దామని మా పెదనాయన కొడుకుని పిలిచారు. నేను అన్నా అని పిలిచే మనిషి. ఆ రోజుల్లో నేను మేళంలో శ్రుతి పట్టేవాణ్ణి. అంటే పొద్దస్తమానం ఒకే స్వరం ఊదుతూ కూర్చునేవాణ్ణి. తరవాత కరెంటు శ్రుతిపెట్టె వచ్చి నా ఉద్యోగం తీసేసింది. ఆ రికార్డింగుకి నేనూ వెళ్ళాను. సన్నాయి ఆరుబయట వాద్యం. ఊరు నాలుగు వైపులా వినపడేట్టు పుట్టింది. అద్దాల గదిలో దాన్ని ఇమడ్చడం కష్టం. మైకుని అంత దూరం జరిపారు, అన్నని ఇంత వెనక్కి జరిపారు. పొద్దున మొదలెడితే దీపాలు పెట్టేవేళకి అయింది. స్నాతకానికి ఒకటి, జీలకర్రబెల్లానికి ఒకటి, తాళికట్టేప్పుడు గట్టిమేళం, తలంబ్రాలకి ఒకటి, అప్పగింతలకి ఒకటి. పెళ్ళి పెళ్ళంతా ఒక డబ్బాలో పెట్టారు.

కేసెట్టు బజార్లోకొచ్చింది. అట్ట మీద సీతారామకళ్యాణం బొమ్మ. వెనకవైపు వరుసగా అంశాలు. కింద కంపెనీ పేరు, ధర. వాయించినవాడి పేరు లేదు. ఒక్క అక్షరం లేదు. అన్న వెళ్ళి అడిగితే, "మంగళవాద్యం కదయ్యా, పేరు చూసి కొనరు, బొమ్మ చూసి కొంటారు" అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ బొమ్మ కింద ఈ పేరు పెడితే కొనేవాడు ఒక్క క్షణం ఆగుతాడని వాళ్ళ లెక్క. ఆ ఒక్క క్షణం కోసం పేరు తీసేశారు. డబ్బులు మాట ప్రకారం ఇచ్చారు. మా పేరుకి విడిగా ఖరీదు కట్టలేదు.

గ్రామఫోను ఈ దేశానికొచ్చిన కొత్తలో, 1902లో, కలకత్తాలో గౌహర్ జాన్ రికార్డులిచ్చింది. మూడు నిమిషాల పాట అయిపోగానే ఆమె తన పేరు తనే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ఆ రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో. అక్కడి పనివాళ్ళకి ఏ రికార్డు ఎవరిదో తెలియడానికి ఆ ఏర్పాటు. కారణం ఏదైతేనేం, ఆమె గొంతూ ఆమె పేరూ ఒకే గాడిలో చెక్కుకుపోయాయి. విడదీద్దామన్నా కుదరదు. ఆ సంగతి చదివినప్పుడు మా అన్న కేసెట్టు గుర్తొచ్చి కడుపు రగిలింది. గొంతున్న మనిషి పాట చివర పేరు చెప్పుకోవచ్చు. నోట్లో పీకున్న మనిషి ఎట్లా చెప్పుకుంటాడు?

చట్టం లేక కాదు. కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణతో పాడేవాళ్ళకీ వాయించేవాళ్ళకీ తమ ప్రదర్శన మీద హక్కొచ్చింది. 2012లో ఇంకో సవరణ వచ్చి, వాయించినవాడు ఇది నేను వాయించిందని తన పేరు చెప్పించుకునే హక్కు కూడా రాసింది. రాసినదాన్ని ఎవరికి చూపించాలి? మా అన్న పొలం కౌలుకి చేస్తూ, పెళ్ళిళ్ళ రోజుల్లో సన్నాయి పట్టేవాడు. కంపెనీ మీద కోర్టుకెక్కే మనిషి కాదు.

ఈ కేసెట్టు కంటే ముందు ఒక పెళ్ళి జరిగింది. దాని సంగతి చెప్పకపోతే పేరు తీసెయ్యడంలో ఉన్న అసలు భయం అర్థం కాదు. 1992 డిసెంబరు 6 ఆదివారం అయోధ్యలో బాబ్రీ మసీదు కూలగొట్టారు. మార్గశిరం, పెళ్ళిళ్ళ రోజులు. ఆ వారంలోనే పక్క ఊళ్ళో ఒక పెళ్ళికి మా మేళం ఒప్పుకునుంది. ముందురోజు పెళ్ళివారి మనిషొచ్చాడు. మంచివాడే, మా పెదనాయనతో కలిసి పెరిగినవాడే. నీళ్ళు నమిలాడు.

"ఏం లేదు పెద్దసాయిబూ, పట్నం చుట్టాలొస్తున్నారు. రోజులు బాలేదు గదా. బొట్టు పెట్టుకుని రండి. పేరడిగితే సైదులనండి చాలు. షేకు గీకు ఎందుకు."

పెదనాయన కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లిగానే చెప్పాడు.

"బొట్టు మాకు కొత్తేం కాదు నాయనా. గుళ్ళో వాయిస్తే పూజారి పెడతాడు, పెట్టించుకుంటాం. అది ఆయన అభిమానంతో పెట్టింది. నువ్వు పెట్టుకుని రమ్మంటున్నావు చూడు, అది వేరు."

బొట్టు లేకుండానే వెళ్ళాం. మమ్మల్ని పందిట్లో వేదిక పక్కన కాకుండా పక్కింటి అరుగు మీద కూర్చోబెట్టారు. ముహూర్తం మాకు కనపడదు. ఒక కుర్రాడు మధ్యలో నిలబడి చెయ్యి ఊపితే గట్టిమేళం ఎత్తాం. తాళి కట్టడం అయింది. ఏ లోపమూ రాలేదు. డబ్బులు పైసల్తో సహా ఇచ్చారు. మర్నాటేడు ఆ ఇంట్లో ఇంకో పెళ్ళయింది. మాకు కబురు రాలేదు. ఆ పెళ్ళికి మేళం లేదు, సౌండుబాక్సులో కేసెట్టు పెట్టారని తెలిసింది.

ఆ తరవాత కొన్నేళ్ళకి పేరు లేని మా అన్న కేసెట్టు ఎన్ని పందిళ్ళల్లో మోగిందో నాకు తెలియదు. మమ్మల్ని పిలవని పందిళ్ళల్లోనూ మోగే ఉంటుంది. సాయిబు పందిట్లోకి రాకుండా సాయిబు ఊపిరి మటుకు వచ్చే ఉపాయం దొరికింది లోకానికి.

కేసెట్టొచ్చిన కొన్నాళ్ళకి ఒక రేడియోలో అన్నతో ముఖాముఖి పెట్టారు. ఏ కేంద్రమో చెప్పను. కొత్తగా కేసెట్లు ఇచ్చిన కళాకారులతో మాటలు, మధ్యలో వాళ్ళచేత రెండు ముక్కలు వాయించడం. అరగంట కార్యక్రమం. కేసెట్టు మీద లేని పేరు కనీసం రేడియోలో వినపడుతుందని మా ఇంట్లో పండగ. ప్రశ్నలడిగే ఆయన ఎంతో మర్యాదస్తుడు. మొదటి ప్రశ్న: "మీరు ముస్లిం అయ్యుండి రాముడి కీర్తనలు వాయించడం ఎలా సాధ్యమైంది?"

అన్న, "మా ఇంట్లో తాతలనాటి నుంచి ఇదే పనండీ" అన్నాడు.

"అంటే మీ మతపెద్దలు అభ్యంతరం చెప్పలేదా?"

"ఊళ్ళో అందరం తెలిసినవాళ్ళమేనండీ."

"వాయించేటప్పుడు మీ మనసులో అల్లా ఉంటాడా, రాముడుంటాడా?"

అన్న ఏం చెప్తాడు? వాయించేటప్పుడు మనసులో ఉండేది తాళం. తడారిపోతున్న పీక. పక్కనున్న డోలు ఎటు పోతున్నదో అన్న ఎరుక. అదే చెప్పాడు. "శ్రుతి ఉంటుందండీ" అన్నాడు. ఆయన నవ్వి, చూశారా శ్రోతలూ, నాదమే దేవుడంటున్నారు అన్నాడు. అన్న అనలేదు ఆ మాట. అరగంటలో వాయించింది ఏడెనిమిది నిమిషాలు. మిగతాదంతా అన్న మతం.

అడగదగినవి ఎన్ని ఉన్నాయి! సుమారు రెండున్నర అడుగుల బారి నాదస్వరం ఎందుకు పట్టావు, పాతకాలం పొట్టి తిమిరి ఎందుకు వదిలేశావు అని అడగొచ్చు. తంజావూరు సీమలో రాజరత్నం పిళ్ళై బారిని నిలబెట్టాక దాని గుమ్మనంలో రాగం ఎంత నిదానంగా నడుస్తుందో చెప్పించొచ్చు. వీణకి మెట్లున్నాయి. మాకు ఏడు కన్నాలు. మిగతా స్వరమంతా వేలు ఎంత తెరిచావు, ఊపిరి ఎంత బిగించావు అన్నదాన్ని బట్టి పలుకుతుంది. అదెట్లా అని అడగొచ్చు. రెల్లుతో చేసిన పీక ఎండకొకరకంగా, వానకొకరకంగా పలుకుతుంది. ఒక్క కచేరీకి ఎన్ని పీకలు మారుస్తావు అని అడగొచ్చు. చినమౌలానా తంజావూరు పోయి తెచ్చిన బాణీకీ, మన సాతులూరు, చిలకలూరిపేట నడకకీ తేడా ఏమిటని అడగొచ్చు. బ్రాహ్మణ విద్వాంసుడొస్తే ఇవే అడుగుతారు. నాయీబ్రాహ్మణ విద్వాంసుడొస్తే కొంచెం తక్కువగానైనా ఇవే అడుగుతారు. సాయిబొస్తే మటుకు, నువ్విక్కడికి ఎట్లా వచ్చావని అడుగుతారు. ఇంట్లో పుట్టినవాణ్ణి పట్టుకుని లోపలికెట్లా వచ్చావంటే ఏం చెప్తాడు?

ఇక్కడే లౌకిక మిత్రులతో నా పేచీ. మతసామరస్యానికి ప్రతీక అంటారు మమ్మల్ని. శాలువా కప్పుతారు. వాళ్ళ మంచితనం మీద నాకు అనుమానం లేదు. కాని ప్రతీకకి ఆకలుండదు, గ్రేడు పెరగలేదన్న దిగులుండదు. తోడిరాగం మీద తన అభిప్రాయం తనకుండదు. ప్రతీక నోరు తెరిచి, అయ్యా నా కేసెట్టు మీద నా పేరు లేదు అంటే సభలో ఇబ్బందిగా ఉంటుంది. బుర్రకథ నాజరు సంగతి చూడండి. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో మా పింజారి ఇంట్లోనే పుట్టినవాడు. పల్నాటి యుద్ధం చెప్తే పల్నాడే కూర్చుని విన్నది. మా పల్నాడు కథ మాకు చెప్పింది ఒక దూదేకులాయన. 1986లో పద్మశ్రీ ఇచ్చారు, 1997లో పోయారు. ఆయన తన కథ చెప్తే పుస్తకంగా వచ్చింది. దానికి పింజారి అని పేరు. తిట్టుగా వాడే మాటని అట్ట మీద పెద్దక్షరాలతో వేసుకున్న మనిషాయన. మా కేసెట్టు అట్ట పక్కన ఆ పుస్తకం అట్ట పెట్టి చూసుకుంటే నాకు చాలా సంగతులు అర్థమవుతాయి.

మరి మావాళ్ళ సంగతి? అది కూడా చెప్పాలి. చెప్పకపోతే సగం నిజమే చెప్పినవాణ్ణవుతాను. "తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా" అని ఒక సామెతుంది. అది హిందువులు ఒక్కళ్ళే వాడే సామెత కాదు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళల్లో కూడా నవ్వుకుంటూ వాడతారు. సయ్యద్, పఠాన్ ఇళ్ళవాళ్ళు మాతో వియ్యమందడానికి వెనకాడతారు. మీకు ఉర్దూ రాదు, నమాజు సరిగా రాదు, పైగా గుళ్ళో సన్నాయి అంటారు. 1970లో వెనకబడిన కులాల జాబితాలో దూదేకుల చేరింది, బి గ్రూపులో. మిగతా ముస్లిం బీదవర్గాలకి 2007లో ఇ గ్రూపు వచ్చిందాకా, మీకేం రిజర్వేషనుంది, మీరు సగం హిందువులు అని దెప్పినవాళ్ళు మావాళ్ళలోనే ఉన్నారు. ఊరూరా తిరిగి మతం బోధించే పెద్దలు మా ఇంటికీ వచ్చారు. వాద్యం హరాం, మానెయ్యండి అన్నారు. పెదనాయన వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, "మానేస్తే కూడెవరు పెడతారు హజ్రత్, మీరు పెడతారా" అని అడిగాడు. వాళ్ళు దేవుడు పెడతాడన్నారు. "ఇప్పుడు పెడుతున్నదీ ఆయనే గదా" అన్నాడు. ఆయన రోజూ నమాజు చదివేవాడు. మేళం నుంచి అర్ధరాత్రి వచ్చినా తెల్లారుజామున లేచేవాడు. దాన్ని రేడియోలో ఎవరూ అడగలేదు, మసీదులో ఎవరూ లెక్కలో వెయ్యలేదు.

అటు వాళ్ళు మీరు మావాళ్ళు కాదంటారు, ఇటు వాళ్ళు మీరు మావాళ్ళే అంటూ పేరు తీసేస్తారు. మా కుర్రాళ్ళు చాలామంది సన్నాయి దించేశారు. కొందరు పిడుగురాళ్ళ బట్టీల్లోకి, కొందరు హైదరాబాదు సెంట్రింగు పనుల్లోకి పోయారు. ఎవరు మాన్పించారంటే ఒక్కరి పేరు చెప్పలేను. కేసెట్టు, తరవాత సీడీ, తరవాత ఫోను తలా కాస్త మాన్పించాయి. అనుమానం ఇంకాస్త మాన్పించింది.

కాలం మారలేదా అంటే మారింది. ఆ అన్న కూతురు నాదస్వరం పట్టింది. కాలీషాబీగారు వేదికల మీద కూర్చున్నాక మా ఇళ్ళల్లో ఆడపిల్ల ఊదితే ఏమవుతుందన్న మాట తగ్గింది. ఆ పిల్ల 2023లో తనే సొంతంగా ఆరు అంశాలు రికార్డు చేయించి ఆల్బమ్‌గా ఫోన్లలోకి విడుదల చేసింది. కేసెట్టు కాదు గనక అట్ట లేదు. కాని పేరుంది. షేక్‌తో సహా ఇంటిపేరంతా రాయించింది. డోలు వాయించినాయన పేరు, శ్రుతిపెట్టె, తాళం చూసుకున్న కుర్రాడి పేరు కూడా రాయించింది. ఆ తాళం కుర్రాడి పేరు చూసి నాకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. నేను పదమూడేళ్ళు శ్రుతి పట్టాను. నా పేరు ఏ అట్ట మీదా లేదు.

ఆమెని ఒక ఎఫ్.ఎం. స్టేషను వాళ్ళు పిలిచారు. మళ్ళీ అదే కార్యక్రమం. కొత్త ఆల్బమ్ సంగతులు, మధ్యలో వాయింపు. అడిగే పిల్లవాడికి పాతికేళ్ళుండవు. మొదటి ప్రశ్న మాత్రం మా అన్నని అడిగిందే, దానికి "అమ్మాయి అయ్యుండి కూడా" అని ఇంకో తోక తగిలించాడు. ఆమె కోప్పడలేదు. "అన్నా, అది తర్వాత చెప్తాను. ముందు ఒకటి వాయిస్తా. అందులో నీకేం వినపడిందో అది అడుగు" అంది. ఖరహరప్రియ ఎత్తింది. నాలుగైదు నిమిషాలు. ఆగాక ఆ కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మధ్యలో గొంతు సన్నబడి ఏడ్చినట్టు లాగారే, అదెట్లా తీస్తారు?" అన్నాడు. ఇక ఆమె చెప్పింది. పెదం, పీక, పొట్టలోంచి ఊపిరి, సగం మూసిన కన్నం, అన్నీ. కుర్రాడు మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పింది. మా ఇంటి మనిషిని రేడియోలో సంగీతం అడగడం నేను వినడం అదే మొదలు.

అంతా బాగుపడిందని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ కార్యక్రమంలోంచి ఒక నిమిషం ముక్క కత్తిరించి ఫోన్లలో తిప్పారు. ఏ నిమిషమో మీరు ఊహించగలరు. ఖరహరప్రియ లేదు, ఊపిరి లేదు. మొదటి ప్రశ్న ఉంది. దాని కింద సగం మంది దండాలు పెట్టారు, సగం మంది తిట్టారు. తిట్టినవాళ్ళలో రెండు మతాలవాళ్ళూ ఉన్నారు. 2024 నవంబరులో తిరుమల తిరుపతి దేవస్థానం పాలకమండలి, సంస్థలో హిందువులు కాని ఉద్యోగులని స్వచ్ఛంద విరమణకో, వేరే ప్రభుత్వ శాఖలకో పంపాలని తీర్మానించింది. అది ఉద్యోగుల సంగతి, మేళగాళ్ళ సంగతి కాదని పెద్దలు చెప్పొచ్చు. నిజమే కావచ్చు. కాని పల్నాడులో చిన్న చిన్న గుళ్ళ దగ్గర ఉత్సవానికి వాయించే మావాళ్ళు ఆ వార్త చదివి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వచ్చే ఏడాది కబురొస్తుందా అని. 1992 తరవాత ఏడు మా పెదనాయన చూసినట్టే.

మేం అడిగేది పెద్దదేమీ కాదు. మమ్మల్ని నెత్తిన పెట్టుకోవద్దు, ప్రతీకలని చెయ్యొద్దు. వాయించింది మేమైతే మా పేరు వెయ్యండి, షేక్ కొట్టెయ్యకుండా. పిలిచి కూర్చోబెడితే సంగీతం అడగండి, తప్పు పలికితే తప్పని చెప్పండి. త్యాగరాజుని వాయించినందుకు మెచ్చుకోవద్దు, బాగా వాయిస్తే మెచ్చుకోండి. మా మసీదు పెద్దలకీ ఇదే మనవి: మా ఊపిరి లెక్క మాకూ పైవాడికీ మధ్య ఉన్నది, దాన్ని మీ చిట్టాలో రాసుకోవద్దు.

పెదనాయన పోయి చాలా ఏళ్ళయింది. నాయన రికార్డింగుల్లో ఏది మిగిలిందో, ఏది చెరిపేసి దాని మీద ఇంకేం నింపారో నాకు తెలియదు. అన్న కేసెట్టు ఒక్కటి నా దగ్గరుంది. మొన్న ఆ పిల్ల వచ్చి అడిగి తీసుకుంది. అట్ట వెనక, ధర పక్కనున్న ఖాళీలో, బాల్‌పెన్నుతో వాళ్ళ నాన్న పేరు రాసింది. డోలు పేరు రాసింది. "చిన్నాయనా, శ్రుతి నువ్వే గదా" అంటూ నా పేరూ రాసి తిరిగి నా చేతిలో పెట్టింది.